యుద్ధకాలంలో పెళ్ళాడిన ఆస్ట్రేలియా కార్మిక దంపతుల చరిత్ర: హైదరాబాదు నుంచి వెతికి రాసే విధానం

హైదరాబాదులో చాలా కుటుంబాలకు ఇప్పుడు మెల్బోర్న్‌లోనో, సిడ్నీలోనో, బ్రిస్బేన్‌లోనో వియ్యాలవారు ఉన్నారు. వారు తెలుగువారే అయితే గోత్రం, ఇంటిపేరు, సొంత ఊరు అడిగి తెలుసుకోవడం మనకు వెన్నతో పెట్టిన విద్య. అల్లుడో కోడలో అక్కడే తరాలుగా ఉంటున్న ఆస్ట్రేలియా కుటుంబానికి చెందినవారైతే మాత్రం, "అల్లుడిగారి తాత యుద్ధంలో పనిచేశాడట, ఆయన భార్య ఏదో ఫ్యాక్టరీలో ఉండేదట" అన్న ఒక్క మాటతో ఆగిపోతాం. పెళ్ళి అంటే అటేడు తరాలు, ఇటేడు తరాలు చూడాలని చెప్పే మనం, మనవలకు సగం వంశాన్ని ఖాళీగా వదిలేయడం న్యాయం కాదని నా అభిప్రాయం. మా మనవరాలి కోసం ఆమె తండ్రి వైపు ముత్తాత, తాతమ్మల చరిత్రను తార్నాకలోని మా ఇంట్లో కూర్చునే వెతికి రాశాను కనుక, ఆ పద్ధతిని ఇతరులకు ఉపయోగపడేలా ఇక్కడ వివరిస్తున్నాను.

భూస్వాములు, న్యాయవాదులు, మంత్రులు డైరీలు, ఉత్తరాలు, నిలువెత్తు చిత్రపటాలు వదిలి వెళతారు. రైల్వే కార్ఖానాలో బాయిలర్లు బిగించినవాడు, తుపాకీ గుళ్ళ ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు చేసిన ఆవిడ అలాంటివేవీ వదలరు. వారి గుర్తులు ప్రభుత్వ కాగితాలలో ఒక్కో వరుసగా, ఒక్కో సంతకంగా, ఒక్కో చిరునామాగా చెల్లాచెదురై ఉంటాయి. వాటిలో ఏ ఒక్కటీ కథ చెప్పదు. తేదీల వారీగా పక్కపక్కన పెట్టినప్పుడే కథ బయటపడుతుంది. అందువల్ల పని మొదలుపెట్టిన రోజే ఒక పెద్ద నోటు పుస్తకం తీసుకుని, ప్రతి పేజీకి ఒక సంవత్సరం కేటాయించి, ఎడమవైపు దేశంలో జరిగినది, కుడివైపు ఆ దంపతులకు జరిగినది రాసుకోండి. ఈ వ్యాసంలో చెప్పేదంతా ఆ కుడివైపు పేజీలను నింపే మార్గమే.

కాగితాల కంటే ముందు మనుషులు

వెబ్‌సైట్లు తెరవడానికి ముందు వియ్యంకుడితోనో వియ్యపురాలితోనో మాట్లాడండి. ఆ దంపతుల పిల్లలు బతికి ఉంటే ఇప్పుడు డెబ్బై, ఎనభై ఏళ్ళ వయసులో ఉంటారు. కాగితాలు వచ్చే ఏడాది కూడా అక్కడే ఉంటాయి గాని, వారి జ్ఞాపకం ఉంటుందన్న హామీ లేదు. మెల్బోర్న్, సిడ్నీ సమయం మనకంటే నాలుగున్నర గంటలు ముందుంటుంది; అక్టోబరు నుంచి ఏప్రిల్ వరకు గడియారాన్ని ముందుకు జరుపుతారు కాబట్టి ఐదున్నర గంటలవుతుంది. క్వీన్స్‌లాండ్‌లో ఆ మార్పు లేదు, పెర్త్ మనకంటే రెండున్నర గంటలే ముందు. హైదరాబాదులో ఆదివారం ఉదయం ఏడు గంటల వేళ, కాఫీ తాగి కూర్చుంటే అక్కడివారు తీరిగ్గా దొరుకుతారు.

"మీ నాన్నగారి గురించి చెప్పండి" అని అడిగితే ఎవరైనా రెండు వాక్యాలు చెప్పి ఊరుకుంటారు. దానికి బదులు చేతికి అందే వస్తువుల గురించి అడగండి. పెళ్ళి ఫోటో ఉందా, దాని వెనక స్టూడియో ముద్ర ఉందా, ఆయన యూనిఫాం భుజం మీద రంగు గుడ్డ ముక్క కనిపిస్తున్నదా? ఆ రంగు ముక్క ఆకారాన్ని, రంగులను బట్టి ఆయన ఏ పటాలంలో పనిచేశాడో గుర్తించవచ్చు. పతకాలు ఎవరి దగ్గర ఉన్నాయి? విదేశాల్లో యుద్ధసేవలో ఉన్నవారి భార్యకో తల్లికో ప్రభుత్వం ఒక చిన్న బ్యాడ్జి ఇచ్చేది, అది ఇంట్లో ఎక్కడైనా కనిపించిందా? చిన్నప్పుడు ఏ వీధిలో ఉండేవారు, అద్దె ఇల్లా సొంతమా, నాన్న ఏ గేటు గుండా పనికి వెళ్ళేవారు, యూనియన్ కార్డు ఉండేదా, ఆదివారం ఏ చర్చికి వెళ్ళేవారు? ఈ చివరి ప్రశ్న భక్తి కోసం కాదు. కాథలిక్కా, ఆంగ్లికనా, ప్రెస్బిటేరియనా అన్నది తెలిస్తే పెళ్ళి ఏ చర్చిలో జరిగిందో, పూర్వీకులు ఐర్లాండు నుంచి వచ్చారో, ఇంగ్లండు నుంచో, స్కాట్లాండు నుంచో వెతకడానికి దారి దొరుకుతుంది.

పేర్ల విషయంలో ఒక జాగ్రత్త అవసరం. ఇంట్లో అందరూ జాక్ అని పిలిచిన మనిషి కాగితంలో జాన్ అయి ఉంటాడు. బిల్ అంటే విలియం, పెగ్గీ అంటే మార్గరెట్, నెల్ అంటే ఎలెన్. పెళ్ళయ్యాక ఆవిడ ఇంటిపేరు మారిపోతుంది, పత్రికల్లోనైతే ఆవిడ సొంత పేరు కూడా పోయి భర్త పేరుకు ముందు మిసెస్ అని మాత్రమే కనిపిస్తుంది. కాబట్టి మొదటి రోజే ఆవిడ పుట్టింటి ఇంటిపేరు, దాని అక్షరక్రమం అడిగి రాసుకోండి.

వివాహ ధ్రువపత్రమే మొదటి మెట్టు

జననం నుంచి మొదలుపెట్టాలని చాలామందికి అనిపిస్తుంది. నేను పెళ్ళి నుంచి మొదలుపెట్టమంటాను, ఎందుకంటే రెండు కుటుంబాలూ ఒకే కాగితం మీద కలిసేది అక్కడే. పైగా యుద్ధకాలపు పెళ్ళికి తేదీయే సగం కథ చెబుతుంది. ఆస్ట్రేలియా 1939 సెప్టెంబరు 3న యుద్ధంలో చేరింది. 1942 ఫిబ్రవరి 15న సింగపూరు జపాను వశమై, సుమారు 15,000 మంది ఆస్ట్రేలియన్లు బందీలయ్యారు. అదే నెల 19న డార్విన్ మీద బాంబులు పడ్డాయి. మే 31 రాత్రి సిడ్నీ హార్బరులోకి జపాను చిన్న జలాంతర్గాములు చొరబడ్డాయి, జూన్ 8న న్యూకాసిల్ మీద సముద్రం నుంచి గుళ్ళు పేలాయి. ఆ 1942లోనే ఆస్ట్రేలియాలో ప్రతి వెయ్యి మంది జనాభాకు 12 పెళ్ళిళ్ళు జరిగాయి. అంత రేటు ఆ దేశ చరిత్రలో అంతకుముందు గాని, తరువాత గాని నమోదు కాలేదు. రేపు ఏమవుతుందో తెలియని రోజుల్లో జనం పెళ్ళిని వాయిదా వేయలేదు. మీ దంపతుల పెళ్ళి తేదీని ఈ తేదీల పక్కన పెట్టి చూస్తే, అది సెలవులో వచ్చిన సైనికుడి పెళ్ళో, ఓడ ఎక్కబోయే ముందు జరిగిన పెళ్ళో, ముట్టడి భయంలో జరిగిన పెళ్ళో అర్థమవుతుంది.

ఆస్ట్రేలియాలో జనన, మరణ, వివాహాల నమోదు దేశం మొత్తానికి ఒకే చోట ఉండదు. ప్రతి రాష్ట్రానికి వేరే రిజిస్ట్రీ ఉంటుంది. విక్టోరియాలో 1853 నుంచి, న్యూ సౌత్ వేల్స్‌లో 1856 నుంచి పౌర నమోదు ఉంది. గోప్యత గడువులు కూడా రాష్ట్రాన్ని బట్టి మారతాయి: న్యూ సౌత్ వేల్స్‌లో జననాలకు 100, వివాహాలకు 50, మరణాలకు 30 ఏళ్ళు, విక్టోరియాలో వివాహాలకు 60, క్వీన్స్‌లాండ్‌లో 75. ఈ లెక్కన 1939–45 మధ్య పెళ్ళిళ్ళన్నీ ఈ మూడు రాష్ట్రాల్లోనూ ఇప్పుడు అందరికీ అందుబాటులో ఉన్నాయి. ఆ దంపతుల పిల్లల జననాలు మాత్రం ఇంకా తెరుచుకోలేదు. అవి కావాలంటే ఆ పిల్లలనే అడగాలి, అదే మర్యాద కూడా.

రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో సూచికను వెతకడానికి డబ్బు కట్టనక్కర్లేదు, ధ్రువపత్రం ప్రతి కావాలంటేనే రుసుము ఉంటుంది. విక్టోరియా, క్వీన్స్‌లాండ్ రిజిస్ట్రీలు ముద్ర లేని స్కాన్ ప్రతిని తక్కువ ధరకు ఇస్తాయి. మనం కోర్టులో చూపించబోవడం లేదు కనుక అదే చాలు, పైగా అందులో ఆనాటి చేతిరాత, సంతకాలు కనిపిస్తాయి. చెల్లింపుకు ముందు మీ బ్యాంకు కార్డుపై విదేశీ లావాదేవీలు అనుమతించి ఉన్నాయో లేదో యాప్‌లో చూసుకోండి, లేదా అక్కడి పిల్లల చేత కట్టించండి.

ప్రతి చేతికి వచ్చాక దాన్ని గడి గడిగా చదవాలి. ఉదాహరణకు వరుడి గడిలో ఫిట్టర్ అని, వయసు 23 అని, చిరునామాగా మెల్బోర్న్‌లోని ఫుట్‌స్క్రే పేటలో ఒక వీధి అని ఉందనుకోండి. వధువు గడిలో మెషినిస్ట్ అని, వయసు 20 అని, అక్కడి రిచ్మండ్ పేటలో ఒక వీధి అని ఉందనుకోండి. మెషినిస్ట్ అంటే చాలావరకు బట్టల ఫ్యాక్టరీలో కుట్టు మిషను నడిపిన స్త్రీ. ఇరవై ఒక్క ఏళ్ళు నిండని వారి పెళ్ళికి తల్లిదండ్రుల సమ్మతి అవసరమయ్యేది కనుక, ఆ సమ్మతి ఎవరిచ్చారో చూడండి. తండ్రి బదులు తల్లి ఇచ్చి ఉంటే తండ్రి మరణించాడా, ఇల్లు విడిచి వెళ్ళాడా అన్నది తరువాత వెతకవలసిన ప్రశ్న. ఇద్దరి తండ్రుల వృత్తులు, తల్లుల పుట్టింటి పేర్లు అక్కడే ఉంటాయి. సాక్షుల సంతకాలను వదిలేయకండి, సాధారణంగా వారిలో ఒకరు అక్కో, తమ్ముడో, తోటి కార్మికుడో అయి ఉంటారు. వరుడి వృత్తి గడిలో సైనికుడు అని గాని, ఏదైనా పటాలం పేరు గాని ఉంటే నేరుగా సైనిక రికార్డుల దగ్గరకు వెళ్ళవచ్చు.

జనగణన లేని దేశంలో ఓటర్ల జాబితా

ఇంగ్లండులోనో అమెరికాలోనో వంశచరిత్ర రాసేవారు పాత జనగణన పత్రాలపై ఆధారపడతారు. ఆస్ట్రేలియాలో ఆ వీలు లేదు. యుద్ధానికి ముందు 1933లో, తరువాత 1947లో జనగణన జరిగినా, లెక్కలు తీసుకున్నాక ఇంటింటి పత్రాలను ధ్వంసం చేశారు. ఆ లోటును తీర్చేది ఓటర్ల జాబితా. ఓటర్లుగా నమోదు 1911 నుంచి, సమాఖ్య ఎన్నికల్లో ఓటు వేయడం 1924 చట్టంతో తప్పనిసరి అయ్యాయి కనుక, ఇరవై ఒక్క ఏళ్ళు దాటిన కార్మికులందరూ దాదాపుగా అందులో ఉంటారు. స్త్రీలకు సమాఖ్య ఎన్నికల్లో ఓటు హక్కు 1902లోనే వచ్చింది. పేరు, వీధి, ఇంటి నంబరు, వృత్తి అన్నీ ఒకే వరుసలో ఉంటాయి. పెళ్ళయిన స్త్రీ ఎదురుగా హోమ్ డ్యూటీస్ (ఇంటి పనులు) అని ఉంటే ఆవిడ పని చేయలేదని అనుకోకండి. ఫ్యాక్టరీలో పదేళ్ళు పనిచేసిన ఆవిడ పేరు ఎదుట కూడా ఆ మాటే కనిపించడం సాధారణం.

ఈ జాబితాలను వరుసగా ఒక్కో ఎన్నిక సంవత్సరానికి చూడండి. కొత్త జంట చిరునామా వధువు తల్లిదండ్రుల చిరునామాతో ఒకటే అయితే, యుద్ధకాలపు ఇళ్ళ కొరత వారిని అక్కడ ఉంచిందని తెలుస్తుంది. పాత జాబితాలు ఆన్‌లైన్‌లో ఎక్కువగా ఆన్సెస్ట్రీ అనే చందా వెబ్‌సైట్‌లో ఉన్నాయి. చందా కట్టే ముందు, మీ అమ్మాయినో అబ్బాయినో అక్కడి పబ్లిక్ లైబ్రరీకి వెళ్ళమనండి. చాలా లైబ్రరీల్లో దాన్ని ఉచితంగా చూడనిస్తారు. ఫ్యామిలీసెర్చ్ అనే వెబ్‌సైట్ హైదరాబాదు నుంచి కూడా ఉచితమే. మెల్బోర్న్ కుటుంబమైతే శాండ్స్ అండ్ మెక్‌డూగల్ వారి వీధి డైరెక్టరీలు అదనంగా ఉపయోగపడతాయి, సిడ్నీకి శాండ్స్ డైరెక్టరీ 1930ల తొలి సంవత్సరాల వరకు ఉంది.

ఆదివాసీ కుటుంబాల విషయం వేరు. సమాఖ్య ఎన్నికల్లో ఆదివాసీలందరికీ ఓటు హక్కు 1962లో గాని రాలేదు, కనుక వారి పూర్వీకులు జాబితాలో లేకపోవడం చట్టం చేసిన అన్యాయానికి గుర్తు. అలాంటి కుటుంబాలకు కాన్‌బెర్రాలోని ఆదివాసీ అధ్యయనాల సంస్థ ఐయాట్సిస్ ప్రత్యేకంగా సహాయం చేస్తుంది.

సైనిక ఫైలును చదవడం

రెండో ప్రపంచయుద్ధంలో దాదాపు పది లక్షల మంది ఆస్ట్రేలియన్లు సైన్యంలోనో, నౌకాదళంలోనో, వైమానికదళంలోనో పనిచేశారు. వారి ఫైళ్ళు నేషనల్ ఆర్కైవ్స్ ఆఫ్ ఆస్ట్రేలియాలో ఉన్నాయి. రికార్డ్‌సెర్చ్ అనే దాని అన్వేషణ పేజీలో ఇంటిపేరు, పేరు కొట్టి, రెండో ప్రపంచయుద్ధం ఎంచుకుంటే ఫైలు శీర్షికలోనే సర్వీస్ నంబరు, పుట్టిన తేదీ, పుట్టిన ఊరు, చేరిన చోటు, దగ్గరి బంధువు పేరు కనిపిస్తాయి. చాలా ఫైళ్ళు స్కాన్ అయ్యాయి, ఇంట్లోనే ఉచితంగా దించుకోవచ్చు.

సర్వీస్ నంబరు ముందున్న అక్షరాలు చిన్న జీవిత చరిత్రే. ఎన్ అంటే న్యూ సౌత్ వేల్స్, వి అంటే విక్టోరియా, క్యూ అంటే క్వీన్స్‌లాండ్, ఎస్ అంటే సౌత్ ఆస్ట్రేలియా, డబ్ల్యూ అంటే వెస్టర్న్ ఆస్ట్రేలియా, టి అంటే టాస్మేనియా. దాని పక్కన ఎక్స్ ఉంటే ఆయన ఎక్కడికైనా వెళ్ళడానికి స్వచ్ఛందంగా చేరిన రెండో ఎ.ఐ.ఎఫ్. (ఆస్ట్రేలియన్ ఇంపీరియల్ ఫోర్స్) సైనికుడు, ఎక్స్ లేకపోతే దేశ రక్షణ కోసం పిలిపించిన మిలీషియా సైనికుడు. ఎఫ్ ఉంటే స్త్రీ. ఎ.ఐ.ఎఫ్. ఫైళ్ళు బి883 శ్రేణిలో, మిలీషియా ఫైళ్ళు బి884 శ్రేణిలో ఉంటాయి. మొదట మిలీషియాలో ఉండి తరువాత ఎ.ఐ.ఎఫ్.కు మారినవారికి రెండు నంబర్లు ఉండవచ్చు, కనుక రెండు శ్రేణులూ వెతకాలి. మీ దంపతులు మొదటి ప్రపంచయుద్ధంలో పెళ్ళి చేసుకున్నవారైతే బి2455 శ్రేణి చూడండి. అది పూర్తిగా ఆన్‌లైన్‌లో ఉంది.

ఫైలు తెరిచాక మొదటి పేజీలోని దగ్గరి బంధువు గడి దగ్గర కాసేపు ఆగండి. పెళ్ళికి ముందు చేరినవాడి ఫైలులో అక్కడ తల్లి పేరో తండ్రి పేరో ఉంటుంది. దాన్ని అడ్డంగా కొట్టివేసి, పైన వేరే సిరాతో భార్య పేరు, కొత్త చిరునామా రాసి ఉంటుంది. ఒక గుమాస్తా గీసిన ఆ గీత, మనం వెతుకుతున్న కుటుంబం పుట్టిన క్షణాన్ని సైన్యం నమోదు చేసిన విధానం. దాని తరువాత సర్వీస్, గాయాల వివరాల ఫారం వస్తుంది. అందులో ఎప్పుడు ఏ పటాలంలో చేరాడు, ఎప్పుడు ఓడ ఎక్కాడు, ఎప్పుడు మలేరియాతో ఆసుపత్రిలో ఉన్నాడు అన్నవన్నీ పొడి అక్షరాలలో ఉంటాయి. ఎ.డబ్ల్యూ.ఎల్. అంటే అనుమతి లేకుండా గైరుహాజరు. పెళ్ళి సెలవు ముగిశాక రెండు రోజులు ఆలస్యంగా వచ్చి, జీతం కోత పడిన సైనికుడు అరుదేమీ కాదు. దాన్ని నేరంగా కాక, తేదీ పక్కన పెళ్ళి తేదీ పెట్టి చదవండి.

పటాలం చేసిన ప్రతి యుద్ధాన్నీ మీ మనిషికి అంటగట్టకండి. ఆయన ఆ నెలలో ఆసుపత్రిలో ఉండవచ్చు, శిక్షణ శిబిరంలో ఉండవచ్చు. కాన్‌బెర్రాలోని ఆస్ట్రేలియన్ వార్ మెమోరియల్ పటాలాల యుద్ధ డైరీలను ఆన్‌లైన్‌లో పెట్టింది. ఆయన నిజంగా అక్కడ ఉన్న తేదీల డైరీ పేజీలు మాత్రమే తీసుకుంటే, వర్షం, బురద, నడిచిన మైళ్ళు, తిన్న తిండి కూడా మీ చరిత్రలోకి వస్తాయి.

నౌకాదళంలో పనిచేసినవారి వారసులకు హైదరాబాదీలు ప్రత్యేకంగా చెప్పదగిన మాట ఒకటుంది. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఇచ్చిన ధనంతో కట్టినందుకు నిజాం అనే పేరు పెట్టిన డిస్ట్రాయర్ యుద్ధనౌకను 1941 జనవరి నుంచి ఆస్ట్రేలియా నావికులే నడిపారు. అది క్రీట్ నుంచి సైనికులను తరలించింది, ముట్టడిలో ఉన్న టోబ్రుక్‌కు సరుకులు, సైనికులను చేర్చింది. 1945 ఫిబ్రవరిలో పశ్చిమ ఆస్ట్రేలియా తీరానికి దగ్గరలో ఒక పెద్ద కెరటం తాకి పది మంది నావికులు సముద్రంలో కొట్టుకుపోయారు. యుద్ధం ముగింపు ఒప్పందంపై సంతకాలు జరిగిన రోజు ఆ నౌక టోక్యో అఖాతంలో ఉంది. మీ మనవడి ముత్తాత ఆ ఓడ సిబ్బందిలో ఉన్నాడేమో తప్పక చూడండి. మన ఊరికీ ఆ ఇంటికీ పెళ్ళికి డెబ్బై ఏళ్ళ ముందే ఒక బంధం ఉండి ఉండవచ్చు.

ఫైలు లేకపోతే

రికార్డ్‌సెర్చ్‌లో పేరు లేదని నిరాశ పడేవారిని చూశాను. కార్మిక కుటుంబాల విషయంలో ఆ నిరాశకు కారణం లేదు. ఫిట్టర్లు, బొగ్గు గని కార్మికులు, ఉక్కు కార్మికులు, రైల్వే పనివారు వంటి ఎన్నో వృత్తులను ప్రభుత్వం యుద్ధానికి అవసరమైనవిగా ప్రకటించి, వారు సైన్యంలో చేరకుండా నిలిపింది. 1942 జనవరిలో ఏర్పడిన మ్యాన్‌పవర్ డైరెక్టరేట్ ఎవరు ఏ పనిలో ఉండాలో నిర్ణయించే అధికారం పొందింది. యూనిఫాం వేసుకోలేదని ఊళ్ళో మాటలు పడ్డ మనిషి, లిత్గోలో రైఫిళ్ళు తయారు చేస్తూనో, న్యూకాసిల్ ఉక్కు కర్మాగారంలో కొలిమి ముందు నిలబడో, సిడ్నీలోని ఎవెలీ లేదా మెల్బోర్న్ దగ్గరి న్యూపోర్ట్ రైల్వే కార్ఖానాలో పనిచేస్తూనో యుద్ధాన్ని మోశాడు. లాలాగూడ రైల్వే కార్ఖానాలోనో, యుద్ధకాలంలోనే పుట్టిన ఆల్విన్, ప్రాగా టూల్స్‌లోనో తాతలు పనిచేసిన హైదరాబాదు కుటుంబాలకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కర్లేదు.

ఇలాంటి వారి కోసం యూనియన్ల, కంపెనీల కాగితాలు చూడాలి. కాన్‌బెర్రాలోని ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీలో ఉన్న నోయెల్ బట్లిన్ ఆర్కైవ్స్ సెంటర్, యూనివర్సిటీ ఆఫ్ మెల్బోర్న్ ఆర్కైవ్స్ ఈ రెండూ కార్మిక సంఘాల రికార్డులకు పేరుపొందినవి. వ్యక్తి పేరు దొరకకపోయినా, ఆయన పనిచేసిన చోట ఏ సమ్మె ఎప్పుడు జరిగిందో దొరుకుతుంది. ఉదాహరణకు ఆయన పోర్ట్ కెంబ్లా రేవులో కూలీ అయితే, 1938 నవంబరులో జపానుకు వెళ్ళే ముడి ఇనుమును ఓడలోకి ఎక్కించబోమని అక్కడి కార్మికులు పని ఆపిన సంగతి ఆ ఇంటి చరిత్రలో ఒక పేజీ కావాలి. వారాల తరబడి జీతం లేకుండా ఆ ఇంట్లో పొయ్యి ఎలా వెలిగిందో పెద్దలను అడగాలి.

జీతాల లెక్క అర్థం కావాలంటే 12 పెన్నీలు ఒక షిల్లింగు, 20 షిల్లింగులు ఒక పౌండు అని గుర్తుంచుకోండి; డాలరు 1966 ఫిబ్రవరి 14న గాని రాలేదు. 1907లో న్యాయమూర్తి హిగ్గిన్స్ ఇచ్చిన హార్వెస్టర్ తీర్పు, భార్య, ముగ్గురు పిల్లలున్న నైపుణ్యం లేని కార్మికుడికి వారానికి 42 షిల్లింగులు న్యాయమైన వేతనమని నిర్ణయించింది. ఆ తరువాతి దశాబ్దాల బేసిక్ వేజ్ ఆలోచనకు అదే పునాది. మీ దంపతులు పెరిగిన 1930ల మాంద్యంలో ఆ వేతనాన్ని కూడా పది శాతం కోసేశారు, పనిలేనివారు సుమారు మూడో వంతుకు చేరారు. పద్నాలుగేళ్ళకే బడి మానిన పిల్లవాడి కథకు కారణం అక్కడ దొరుకుతుంది.

తాతమ్మ చేసిన పని

కుటుంబ చరిత్రల్లో ఎక్కువగా నష్టపోయేది భార్య. ఆయనకు ఫైలు ఉంటుంది, ఆవిడకు వంటింటి జ్ఞాపకాలు మిగులుతాయి. దాన్ని సరిదిద్దడం మీ చేతిలో ఉంది. 1941లో సైన్యం, నౌకాదళం, వైమానికదళం మూడింటికీ మహిళా విభాగాలు ఏర్పడ్డాయి, 1942లో మహిళల ల్యాండ్ ఆర్మీ ఏర్పడింది. ఆవిడ పేరును పుట్టింటి ఇంటిపేరుతోనూ, అత్తింటి ఇంటిపేరుతోనూ సర్వీస్ ఫైళ్ళలో వెతకండి. ఫుట్‌స్క్రే, మారిబిర్నాంగ్ ఆయుధ కర్మాగారాల్లో వేలాది స్త్రీలు పనిచేశారు. యుద్ధానికి ముందు స్త్రీల కనీస వేతనం పురుషుల దానిలో 54 శాతమే. 1942లో ఏర్పడిన విమెన్స్ ఎంప్లాయ్‌మెంట్ బోర్డు, పురుషుల పనుల్లోకి వచ్చిన స్త్రీలకు పురుషుల వేతనంలో 60 నుంచి 100 శాతం వరకు నిర్ణయించే అధికారం పొందింది. ఆవిడ జీవితంలో అంత జీతం అంతకుముందు చూసి ఉండదు. యుద్ధం ముగిసి పురుషులు తిరిగి వచ్చాక ఆ పని పోయింది. పెళ్ళయిన స్త్రీలకు సమాఖ్య ప్రభుత్వ సర్వీసులో శాశ్వత ఉద్యోగం 1966 వరకు నిషిద్ధం.

ఇల్లు నడిపిన తీరు కూడా చరిత్రే. 1942 మధ్యలో బట్టలకు, టీకి, పంచదారకు, 1943లో వెన్నకు, 1944లో మాంసానికి కూపన్లు వచ్చాయి. పెళ్ళి గౌను అద్దెకు తెచ్చినదా, అక్కదా, కూపన్లు చుట్టాలందరి దగ్గర పోగు చేసి కొన్నదా అని అడగండి. ఫోటో చేతిలో పెట్టుకుని అడిగితే సమాధానం వస్తుంది. 1941 నుంచి మొదటి బిడ్డ తరువాత పుట్టిన ప్రతి బిడ్డకూ వారానికి ఐదు షిల్లింగులు ప్రభుత్వం ఇచ్చింది, అదీ చాలావరకు తల్లి చేతికే అందింది.

ట్రోవ్‌లో వెతికే పద్ధతి

నేషనల్ లైబ్రరీ ఆఫ్ ఆస్ట్రేలియా నడిపే ట్రోవ్‌లో ఎక్కువగా 1954 వరకు వచ్చిన పత్రికలు ఉచితంగా చదవవచ్చు. పెద్ద పత్రికలైన ఆర్గస్, సిడ్నీ మార్నింగ్ హెరాల్డ్ కంటే విలియమ్స్‌టౌన్ క్రానికల్, సన్‌షైన్ అడ్వకేట్, లిత్గో మెర్క్యురీ వంటి స్థానిక పత్రికలే కార్మికుల గురించి ఎక్కువ రాశాయి. ఇంటిపేరు మాత్రమే కొడితే వేల ఫలితాలు వస్తాయి, కాబట్టి ఓటర్ల జాబితాలో దొరికిన వీధి పేరును, ఇంటిపేరును కలిపి వెతకండి. నిశ్చితార్థం, పెళ్ళి, మరణం, సంవత్సరీకం ప్రకటనలు, ఫుట్‌బాల్ జట్టు పేర్లు, పోలీసు కోర్టు వార్తలు అన్నీ బయటపడతాయి. పాత అచ్చును యంత్రం చదివినది కనుక అక్షరాలు తప్పుగా ఉంటాయి; ఆ పాఠాన్ని సరిదిద్దే వీలు పాఠకులకు ఉంది, మీరు చదివిన వార్తను సరిదిద్దితే తరువాత వెతికేవారికి మేలు చేసినవారవుతారు. తరువాతి కాలపు మరణ ప్రకటనలకు రైయర్సన్ ఇండెక్స్ ఉచిత సూచిక.

రాసేటప్పుడు

నోటు పుస్తకంలోని ఎడమ, కుడి పేజీలు నిండాక మొదటి చిత్తుప్రతి కాలక్రమంలోనే రాయండి. ప్రతి వాక్యం వెనక ఏ కాగితం ఉందో అంచులో గుర్తు పెట్టండి. ఇంట్లోవారు చెప్పింది, కాగితం చెప్పింది వేరైతే రెండూ రాయండి. మనవలు చదవగలిగే ఇంగ్లీషులో ఒక ప్రతి, ఇక్కడి అమ్మమ్మలు, తాతయ్యలు, మేనమామలు చదివేలా తెలుగులో ఒక ప్రతి చేస్తే మంచిది.

కాగితాలు కొన్ని ఇంటి గుట్టులు కూడా బయటపెడతాయి. పెళ్ళి తరువాత ఆరు నెలలకే పుట్టిన బిడ్డ, దత్తతకు ఇచ్చిన బిడ్డ, జైలు శిక్ష, మందు అలవాటు, విడిపోయిన తొలి పెళ్ళి, ఇంతకాలం దాచిన ఆదివాసీ మూలం వీటిలో ఏదైనా దొరకవచ్చు. అవి మన సొత్తు కావు. ముందుగా వియ్యంకుడికో వియ్యపురాలికో ఒక్కరికే ఫోనులో చెప్పండి, వాట్సాప్ కుటుంబ గ్రూపులో పెట్టకండి. వారు వద్దంటే ఆ వాక్యం రాయకండి, కాగితం ప్రతిని మాత్రం కవరులో పెట్టి వారికే ఇవ్వండి. బతికి ఉన్నవారి పుట్టిన తేదీలు, చిరునామాలు ముద్రించే ప్రతిలో ఉండకూడదు.

ముద్రణకు ముందు చిత్తుప్రతిని ఆ దంపతుల పిల్లల్లో పెద్దవారికి పెద్ద అక్షరాలలో ప్రింటు తీయించి పంపండి, చదవడానికి నెల రోజులు ఇవ్వండి. వారు సరిదిద్దిన పేర్లు, వీధులు, తేదీలు చేర్చాక ఒక ప్రతిని అక్కడి ఊరి స్థానిక చరిత్ర సంఘానికి, ఒక ప్రతిని ఆ రాష్ట్ర గ్రంథాలయానికి ఇవ్వడానికి వారి అనుమతి అడగండి. స్కాన్ చేసిన ఫైళ్ళకు ముందు సంవత్సరం, తరువాత పత్రం పేరు, ఆపై వ్యక్తి పేరు వచ్చేలా పేర్లు పెట్టి, ఒక పెన్‌డ్రైవ్‌లో ఇక్కడ, ఒకదానిలో అక్కడ భద్రపరచండి.